చూచిరాత నుంచి చిట్టీ దాకా

మార్చి నెల రాగానే హనుమకొండ, కరీంనగర్, ఆదిలాబాద్ అన్న తేడా లేకుండా పదో తరగతి పరీక్ష కేంద్రాల చుట్టూ ఒకే దృశ్యం. గేటు దగ్గర పోలీసులు, గోడ మీద నిషేధాజ్ఞల కాగితం, పరీక్ష అయ్యేదాకా షట్టర్లు దించిన జిరాక్స్ సెంటర్లు. మొన్నటిదాకా దాన్ని 144 సెక్షన్ అనేవాళ్లు, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 163 అయింది. నంబరు మారింది గానీ కాపలా మారలేదు. లోపల చీఫ్ సూపరింటెండెంట్, డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్, సిట్టింగ్ స్క్వాడ్, ఎప్పుడు ఊడిపడుతుందో తెలియని ఫ్లయింగ్ స్క్వాడ్. ఇంటర్ కేంద్రాలకైతే వీటికి తోడు సీసీ కెమెరాలు.

ఇంత కాపలా ఉండగానే 2023 ఏప్రిల్ 4న హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో హిందీ ప్రశ్నపత్రం ఫొటో బయటికొచ్చి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. అంతకు ముందు రోజే వికారాబాద్ జిల్లా తాండూరులో తెలుగు పేపరుకూ అదే గతి పట్టింది. కమలాపూర్ ఘటనలో ఎవరి చేతిలోని పేపరును ఫొటో తీశారో ఆ విద్యార్థిని ఐదేళ్లు డిబార్ చేశారు. తర్వాత హైకోర్టు అనుమతితో అతను మిగతా పరీక్షలు రాయగలిగాడు. అరెస్టులయ్యాయి, రాజకీయ పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నాయి, కేంద్రాల్లోకి సెల్‌ఫోన్లు పోకుండా ఆంక్షలు బిగించారు. కొన్నాళ్లపాటు ప్రహరీ గోడలు, కిటికీల గురించి చర్చ నడిచింది. తరగతి గది గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

పేపరు లీకు, చిట్టీ, పక్కవాడి పేపరులోకి తొంగిచూడటం ఒకటి కావు. లీకు వెనక పెద్దలుంటారు, ఒక్కోసారి డబ్బూ ఉంటుంది. దాన్ని పట్టుకోవాల్సింది పోలీసులే. 1997 నాటి పరీక్షల అక్రమాల నిరోధక చట్టం ఉన్నది అందుకే. చిట్టీ సంగతి వేరు. అది పిల్లవాడు ఇంట్లో కూర్చుని చిన్న అక్షరాలతో, ఓపికగా, ఒక్కోసారి పాఠం చదవడానికి పట్టే టైంకన్నా ఎక్కువ టైం పెట్టి తయారు చేసుకునే వస్తువు. అంత కష్టం చేయగలిగినవాడు చదవడానికి ఎందుకు కూర్చోలేదన్న ప్రశ్నకు పోలీసుల దగ్గర జవాబుండదు. ఆ జవాబు బడి దగ్గర ఉంది, అదీ పదో తరగతిలో కాదు, ఇంకా కింది తరగతుల్లో.

ఒకటో తరగతిలో బడి నేర్పే మొదటి పనుల్లో చూచిరాత ఒకటి. పై గీతలో ఉన్న వాక్యాన్ని కింది గీతల్లో అట్లాగే దించాలి. చేయి తిరగడానికి అది కావాల్సిందే. తర్వాత ఉక్తలేఖనం, అంటే విని రాయడం. ఆ తర్వాత సొంతంగా రాయడం మొదలుకావాలి. చాలామంది పిల్లల చదువులో ఆ మూడో మెట్టు రాదు. చూచిరాతే వేషం మార్చుకుని పదో తరగతి నోట్సు దాకా, ఇంటర్ రికార్డు దాకా, డిగ్రీ అసైన్‌మెంటు దాకా నడుస్తుంది.

ఏ ఆరో తరగతి సాంఘికశాస్త్రం నోటుబుక్కు తెరిచినా ఇది కనిపిస్తుంది. ప్రశ్న, కింద జవాబు, పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు. జవాబు బోర్డు మీది నుంచో, గైడు నుంచో వచ్చిందే. బోర్డు మీద సార్ తొందరలో ఒక అక్షరం మింగితే నలభై నోటుబుక్కుల్లోనూ ఆ అక్షరం ఉండదు. నలభైకీ టిక్కు పడుతుంది. పైఅధికారి తనిఖీకి వస్తే చూసేది నోట్సు పూర్తయిందా, దిద్దారా అన్నదే. పిల్లవాడు ఆ జవాబును నోటితో చెప్పగలడా అని అడిగే తీరిక ఆ పూట ఎవరికీ ఉండదు. "నోట్స్ కంప్లీట్ చేసినవా?" అన్నంత తరచుగా "నీకు అర్థమైందా?" అన్న మాట బడిలో వినిపించదు. వినిపించినా దానికి తరగతి అంతా కలిసి ఇచ్చే జవాబు ఒక్కటే: "అయింది సార్!"

రెండు రోజులు జ్వరంతో రాని పిల్లవాడు పక్కవాడి నోట్సు తీసుకుపోయి దించుకుని వస్తే శభాష్ అంటారు. దించకుండా వచ్చి "ఈ పాఠం నాకు తెల్వది సార్" అంటే బెంచీ ఎక్కాల్సి వస్తుంది, లేదా పదిసార్లు ఇంపోజిషన్, అంటే మళ్లీ చూచిరాతే. ఇక్కడ పిల్లవాడు నేర్చుకునే లెక్క చాలా తేలిక. ఖాళీ పేజీ ప్రమాదం, నిండిన పేజీ క్షేమం. ఎట్లా నిండిందన్నది ఎవరూ అడగరు. ఐదేళ్లు ఈ లెక్క నేర్చుకున్నవాడికి మార్చిలో ఒక రోజు హఠాత్తుగా "చూసి రాయడం నేరం" అని చెబితే వాడికది నీతిలా వినిపించదు, ఆట మధ్యలో రూలు మార్చినట్టు ఉంటుంది.

దీనికి భాష కూడా తోడయింది. ప్రజలు మాట్లాడే పలుకుకు రాతలో చోటుండాలని జీవితమంతా పోరాడిన కాళోజీ హనుమకొండలోనే బతికారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు బడుల్లో వ్యాసరచన పోటీ పెడితే చాలా వ్యాసాలు ఫోనులో వెతికి దించినవే, అదీ ఎవరి ఇంట్లోనూ వినిపించని పుస్తక భాషలో! పిల్లవాడు తన మాటల్లో "చెరువు ఎండితే చేపలు పట్టెటోళ్లకు పని పోతది" అని రాస్తే ఎర్ర గీత పడుతుంది. గైడులోని వాక్యానికి ఎప్పుడూ పడదు. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలకు, ములుగు కోయ గూడేల పిల్లలకు, ఆదిలాబాద్ గోండు, కొలాం పిల్లలకు తెలుగే రెండో భాష. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక వాళ్లకు జవాబు రాయాల్సిన భాష మూడోది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్‌తో రెండు భాషల పాఠ్యపుస్తకాలు ఇచ్చారు, అది మంచి పనే. కానీ జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే నిండుగా ఉండాలంటే ఆ పిల్లకు చూసి దించడం తప్ప ఇంకో దారి మనం మిగల్చలేదు. సొంత వాక్యానికి విలువ లేని చోట కాపీ వాక్యాన్ని తప్పుపట్టడానికి గురువుకు నోరు రాకూడదు, నిజానికి.

మార్పు తెద్దామని పెట్టిన పద్ధతులు కూడా ఇదే గాడిలో పడ్డాయి. తెలంగాణ వచ్చిన కొత్తలో పదో తరగతికి నిరంతర సమగ్ర మూల్యాంకనం పెట్టారు. ప్రతి సబ్జెక్టులో 80 మార్కులకు రాతపరీక్ష, 20 బడిలోనే. నోటుబుక్కులు, ప్రాజెక్టులు, లఘు పరీక్షలు, పిల్లల స్పందనలు చూసి ఆ 20 వేయాలి. ఆలోచన మంచిది. ఏడాదంతా పిల్లవాడు నేర్చుకున్నదాన్ని చూడాలన్నది దాని ఉద్దేశం. ఆచరణలో ప్రాజెక్టు అంటే స్టేషనరీ షాపులో బొమ్మల చార్టు కొని అతికించడం. స్పందన అంటే మరో చూచిరాత. మార్కులేమో దాదాపు అందరికీ నిండుగానే పడతాయన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. 2024 నవంబరులో ప్రభుత్వం ఆ 20 మార్కులు తీసేస్తున్నామని ప్రకటించి, విద్యా సంవత్సరం మధ్యలో ఏంటిదని గగ్గోలు లేచాక ఆ ఏడాదికి వెనక్కి తగ్గింది. ఇక బాసర ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి ఫలితం మీదే ఆధారపడుతుంది. ప్రభుత్వ బడుల్లో చదివిన పేద పిల్లల జీపీఏకు (గ్రేడు పాయింట్ల సగటుకు) 0.4 పాయింట్లు కలిపే పద్ధతి కూడా చాలా ఏళ్లు నడిచింది. అక్కడ ఒక్కో పాయింటు జీవితం మార్చగలదు. తన విద్యార్థి అవకాశాన్ని ఒక మార్కు దగ్గర పోగొట్టడానికి ఏ టీచరుకు మనసొప్పుతుంది? ఆ టీచరును తప్పుపట్టడం తేలిక. తరగతి గదిలో సాగాల్సిన పరిశీలనకు సీటును ముడిపెట్టింది మాత్రం టీచరు కాదు.

ఇంటర్‌లో ఈ కథ ఇంకో మెట్టెక్కుతుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ ప్రాక్టికల్స్ ఒక్కోటి 30 మార్కులు. లఘులోలకం ప్రయోగం తీసుకుంటే, దారం పొడవు కొలిచి, ఊపులు లెక్కపెట్టి గురుత్వ త్వరణం కట్టాలి. నిజంగా చేస్తే ఒకరికి 950, ఇంకొకరికి 1010 వస్తుంది. గాలి తగులుతుంది, చేయి వణుకుతుంది, స్టాప్‌వాచ్ ఆలస్యంగా నొక్కుతాం. రికార్డుల్లో మాత్రం అందరికీ పుస్తకంలో ఉన్న 980కి అటూ ఇటూ ఒకట్రెండు. సీనియర్ల రికార్డు నుంచి దిగిన అంకె అది. తప్పు విలువ వచ్చిన రికార్డు పట్టుకొచ్చి "ఇట్లా ఎందుకొచ్చింది సార్?" అని అడిగే పిల్లవాడే ఆ గదిలో ఒకే ఒక్క సైంటిస్టు. రికార్డు మీద సంతకం కాక మళ్లీ రాయాల్సి వచ్చేదీ ఆ పిల్లవాడికే.

హనుమకొండ నయీంనగర్ లాంటి కాలేజీల వీధుల్లో ఫ్లెక్సీల నిండా ర్యాంకులే. లోపల వారం వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మారడం. పరీక్షలు తరచుగా పెట్టడంలో తప్పు లేదు, మేలు ఎక్కువ. ఆ సంగతి కింద వస్తుంది. ప్రతి పరీక్షా పిల్లవాడి స్థాయిని, హాస్టల్ గదిని, వార్డెన్ మాట్లాడే తీరును, ఇంటికి పోయే ఫోను మెసేజీని మార్చేస్తుంటే మాత్రం అది నేర్చుకునే చోటు కాకుండా బతికి బయటపడాల్సిన చోటవుతుంది. బతకడానికి మనిషి ఏదైనా చేస్తాడు.

2023లో రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 86.60 శాతం. వాళ్లలో ఎక్కువమంది చేరిన ఇంటర్ మొదటి సంవత్సరంలో 2024 ఉత్తీర్ణత 60.01 శాతం. ఈ తేడా అంతా కాపీ మహిమ అనడం అన్యాయం. సిలబస్ బరువు పెరుగుతుంది, మీడియం మారుతుంది, బడిలోని 20 మార్కుల ఆసరా పోతుంది. అయినా ఒక్క ఏడాదిలో అంత దిగుడు ఉందంటే, పదో తరగతి మెమో మీది అంకె పిల్లవాడికి ఎంత వచ్చో చెప్పడం లేదన్న అనుమానమైనా రావాలి. జిల్లాల మధ్య ఉత్తీర్ణత పోటీ, నూటికి నూరు శాతం తెచ్చిన బడులకు సన్మానాలు ఆ అనుమానాన్ని అడగనివ్వవు. అక్కడక్కడ చివర్లో రాసే పార్ట్-బి బిట్లకు జవాబులు గదిలో "వినిపించడం" ఈ సన్మానాల వెనకాలే పుట్టింది. అది ఒక్కసారి జరిగిన గదిలో ఏడాది పొడవునా చెప్పిన నీతి పాఠాలన్నీ చెల్లని నోట్లవుతాయి.

కాపీ కొట్టేవాడు దొంగబుద్ధితో పుట్టాడన్న నమ్మకం పాతది. 1928లో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు వేలమంది బడి పిల్లల్ని రకరకాల పరీక్షలతో, ఆటలతో గమనించి ఆ నమ్మకాన్ని దెబ్బతీశారు. ఒక చోట మోసం చేసిన పిల్లవాడే మరో చోట నిజాయతీగా ఉన్నాడు. సందర్భం మారితే నడత మారింది. 1993లో మెక్‌కేబ్, ట్రెవినో అక్కడి 31 కాలేజీల్లో ఆరు వేలకు పైగా విద్యార్థుల్ని అడిగి చూస్తే, మిగతా అన్నింటికన్నా బలంగా పనిచేసింది తోటివాళ్ల ప్రవర్తన. అందరూ చేస్తున్నారనిపిస్తే నేనూ చేస్తాను, అంతే. ఇంకొకటి మన ఇళ్లకు బాగా పనికొచ్చేది. 2017లో చైనాలో మూడేళ్ల, ఐదేళ్ల పిల్లల మీద జరిగిన ప్రయోగంలో "నువ్వు చాలా తెలివైనవాడివి" అని మెచ్చుకున్న పిల్లలు, "ఈసారి బాగా చేశావు" అని మెచ్చుకున్న పిల్లలకన్నా ఎక్కువగా మోసం చేశారు. తెలివైనవాడన్న పేరు ఒకసారి వచ్చాక దాన్ని నిలబెట్టుకోవాలి కదా. ప్రతి తరగతిలో "ఫస్టు వచ్చే పిల్ల" మీద ఉండే బరువు ఇదే. చిట్టీలు వెనక బెంచీ వ్యవహారమనుకోవడం వట్టి భ్రమ.

మరి తరగతిలో ఏం మారితే కాపీకి పని తగ్గుతుంది?

మొదటిది పరీక్షకు అర్థం మారడం. జ్వరం చూసే థర్మామీటరును ఎవరూ మోసం చేయరు, ఎందుకంటే దాని అంకెను బట్టి మందిస్తారు గానీ తన్నరు. లఘు పరీక్ష కూడా అట్లా ఉండొచ్చు. ఉదాహరణకు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో శుక్రవారం పది నిమిషాల స్లిప్ టెస్టు పెట్టారనుకుందాం. ఐదు ప్రశ్నలు, మార్కులు రిజిస్టరుకు ఎక్కవు. జవాబులు అక్కడే చెప్తారు. పిల్లలే వేరే రంగు పెన్నుతో దిద్దుకుంటారు. ఎక్కువమందికి రానిది ఏదో సార్ బోర్డు మీద రాస్తారు, సోమవారం మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. దీంట్లో కాపీ కొట్టి సంపాదించేది ఏమీ లేదు. పైగా గుర్తుంటుంది. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లకన్నా, ఒకసారి చదివి ఒకసారి చూడకుండా రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. 42 శాతం ఎక్కడ, 56 శాతం ఎక్కడ. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మాత్రం రెండుసార్లు చదివినవాళ్లే కాస్త ముందున్నారు. బట్టీ ఎందుకు మోసగిస్తుందో ఇంతకన్నా బాగా చెప్పడం కష్టం.

రెండోది ప్రశ్న. "కాకతీయుల కాలంలో నీటిపారుదల గురించి రాయండి" అన్న ప్రశ్నకు జవాబు ప్రతి గైడులో ఉంది, చాట్ జీపీటీలో అంతకన్నా పొడవుగా ఉంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఇప్పటికీ పొలాలు తడుపుతున్న జిల్లాలు ఇవి. "మీ ఊరి చెరువు తూము ఎక్కడుంది? నీళ్లు ముందు ఎవరి పొలానికి పోతాయి? ఎందుకు? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి" అంటే పక్క ఊరివాడి జవాబు పనికిరాదు. ఒకే ఊరి పిల్లలైనా అడిగిన తాత వేరు కాబట్టి జవాబు వేరు. ఆ జవాబు ఇంటి మాటల్లో వస్తుంది, రానివ్వాలి. లెక్కల్లో అయితే తప్పుగా చేసిన లెక్క ఇచ్చి ఎక్కడ తప్పిందో పట్టుకోమనవచ్చు. పిల్లలు దీన్ని బలే ఇష్టంగా చేస్తారు. సార్ తప్పును పట్టుకునే అవకాశం వాళ్లకెప్పుడోగానీ దొరకదు మరి.

మూడోది దోస్తానా. దీన్ని బడి సరిగ్గా అర్థం చేసుకోదు. "జర సూపియ్యరా" అని దోస్తు అడిగితే చూపించడం పిల్లల లోకంలో మంచితనం. చూపించనివాడు పిసినారి, పోజుగాడు. చేయి అడ్డం పెట్టుకుని రాసే పిల్లను వెక్కిరిస్తారు. ఈ విలువను నేరమని కొట్టేస్తే పిల్లలు దోస్తు వైపే నిలబడతారు, నిలబడాలి కూడా. సాయానికి వేరే వేళ ఇవ్వడమే దారి. పరీక్షకు ముందు రోజు పావుగంట జంటలుగా కూర్చుని ఒకరికొకరు ప్రశ్నలు వేసుకుంటే, రేపటి చూపించడం ఇవాళే అయిపోతుంది. సెక్షన్లు, ర్యాంకులతో పిల్లల్ని ఒకరికొకరు పోటీగా నిలబెట్టిన గదిలో ఇది కుదరదు. సాయం చేస్తే తను ఓడిపోయే చోట బయటపడి సాయం చేయరు, దొంగచాటుగా అయితే చేస్తారు.

ఇంత చేసినా ఎవడో ఒకడు దొరుకుతాడు. అప్పుడు ఏం చేస్తారన్నదే తరగతికి అసలు పాఠం. పేపరు చించి, పేరు పెట్టి, మిగతావాళ్ల ముందు నిలబెట్టి చూపిస్తే తరగతి నేర్చుకునేది ఒకటే, దొరక్కూడదని. చూసీ చూడనట్టు వదిలేస్తే నేర్చుకునేది ఇంకా చెడ్డది. చిట్టీ తీసుకుని, ఆ జవాబుకు మార్కు లేదని చెప్పి, పరీక్ష అయ్యాక పక్కకు పిలిచి "ఇందులో ఏది రాలేదు?" అని అడగడం ఈ రెండింటికీ మధ్య దారి. చిట్టీ మంచి సాక్ష్యం. పిల్లవాడికి ఏది రాదో వాడి చేతిరాతలోనే ఉంటుంది. అదే అంశం మీద నాలుగు రోజుల తర్వాత మళ్లీ రాయనిస్తే ఆ మార్కు తిరిగి సంపాదించుకుంటాడు. పబ్లిక్ పరీక్షలో ఈ వెసులుబాటు ఉండదు. అక్కడ డిబారే. అందుకే ఇది ఎనిమిదో తరగతిలో జరగాలి.

నలభై యాభై మంది ఉన్న గదిలో, సిలబస్ తరుముతుంటే, బోధనేతర పనులు నెత్తిన ఉంటే ఇదంతా ఎట్లా అని ఏ టీచరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్నీ ఒకేసారి అక్కర్లేదు. ఒకటో తరగతి నుంచి ఐదు దాకా 2022లో మొదలైన తొలిమెట్టు, ఆ తర్వాతి ఏడాది పై తరగతులకు వచ్చిన ఉన్నతి కార్యక్రమాలు అడిగేదీ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో ముందు తెలుసుకోమనే. వాటి ఫారాలు నింపడంలో పోయే ఓపికలో కొంత అసలు పనికి మిగిలితే చాలు. ఏ ఖర్చూ లేని పని ఒకటుంది. నోటుబుక్కు చివరి రెండు పేజీలకు "రానివి" అని పేరు పెట్టించి, దిద్దేటప్పుడు మొదట ఆ పేజీలే తెరవడం. జూన్‌లో అవి ఖాళీగానే ఉంటాయి. దసరా సెలవుల దాకా కూడా ఉండొచ్చు. రాస్తే తిట్టరని పిల్లలు అంత తొందరగా నమ్మరు. ఆ తర్వాత ఎప్పుడో ఒక నోటుబుక్కులో, పెన్సిలుతో, చెరిపేయడానికి వీలుగా, ఒక్క గీత కనిపిస్తుంది: "భాగారంలో సున్నా ఎప్పుడు పెట్టాల్నో తెలుస్తలేదు సార్."